హబ్‌కు సరిగ్గా కూర్చున్నాకే వణుకు ఆగింది

మా స్విఫ్ట్‌కు పాత అల్లాయ్ వీల్స్ వేయిస్తే, ముందు చక్రాల లోపలి అంచు షాక్ అబ్జార్బర్‌ను రాసుకుంది. చక్రాన్ని కాస్త బయటికి జరపడానికి, దానికీ కారుకూ మధ్య పెట్టే లోహపు బిళ్లలు, అంటే రెడీమేడ్ అడాప్టర్లు, తెచ్చి బిగించాను. రాపిడి పోయింది కానీ, కరీంనగర్ రోడ్డులో 80 దాటగానే స్టీరింగ్ వణికేది. ఇంట్లోవాళ్లు బండిలో ఉంటే ఒకటే టెన్షన్.

బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు. విప్పి వెర్నియర్‌తో కొలిస్తే అసలు సంగతి తెలిసింది: కారు హబ్ (చక్రం ఎక్కి కూర్చునే మధ్య బొడిపె) 54.1 మి.మీ., అడాప్టర్ రంధ్రం అంతకంటే చాలా పెద్దది. చక్రం నడిమధ్యన కూర్చోవడమే లేదు!

ములుగు రోడ్డులో లేత్ నడిపే అన్న దగ్గరికి వెళ్లాను. 6061 అనే గట్టి రకం అల్యూమినియంలో 20 మి.మీ. మందంతో కొత్తవి చేశాడు. లోపల హబ్‌కు సరిపోయే 54.1 బోరు (రంధ్రం), బయట అల్లాయ్ రంధ్రానికి సరిపోయే 60.1 అంచు. ఈ రెండూ లేత్ పట్టు (చక్) విప్పకుండా ఒకే సెట్టింగ్‌లో తీయాలని పట్టుబట్టాను. మళ్లీ బిగిస్తే సెంటర్ తప్పుతుంది. పీసీడీ, అంటే నాలుగు నట్ల రంధ్రాల మధ్యబిందువుల మీదుగా వెళ్లే వృత్తం వ్యాసం, 100 కాబట్టి పక్కపక్క రంధ్రాల మధ్య 70.7 మి.మీ. వచ్చిందో లేదో కూడా చూశాం. హబ్ స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టుల) కొనలు అల్లాయ్ వెనక గుంతల్లో పట్టాయి, లేకుంటే చక్రం ఆనేది కాదు.

బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, 100 కిలోమీటర్లు తిరిగాక విప్పి అడాప్టర్ నట్లు కూడా మళ్లీ చూశాను. ఇప్పుడు అదే కరీంనగర్ రోడ్డులో ఎల్కతుర్తి దాటినా స్టీరింగ్ వణకడం లేదు.