ఆన్‌బోర్డ్ ల్యాన్ పోర్ట్ ఆగిపోయిందా? బోర్డు పోయిందని అనుకునే ముందు ఇవి చూడండి

నిన్నటిదాకా బానే ఉన్న ల్యాన్ (మదర్‌బోర్డ్ మీదే ఉండే, నెట్ కేబుల్ పెట్టే పోర్ట్) ఉన్నట్టుండి ఆగిపోతే చాలామంది నేరుగా డ్రైవర్ల (ఆ పోర్ట్‌ని విండోస్ నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్) మీద పడతారు, లేదంటే విండోస్ మొత్తం మళ్ళీ వేసేస్తారు. దయచేసి అంతదాకా పోకండి. ముందు తేల్చుకోవాల్సింది ప్రాబ్లం కేబుల్‌దా, పోర్ట్‌ని నడిపే ల్యాన్ చిప్‌దా, సాఫ్ట్‌వేర్‌దా అని, అది తేలకుండా ఏం చేసినా చీకట్లో రాయి వేసినట్టే.

ముందు పోర్ట్ దగ్గర లైట్లు చూడండి. కేబుల్ పెట్టగానే వెలిగితే అవతలి రౌటర్‌తో లింక్ కుదిరినట్టు. వెలగకపోతే వేరే కేబుల్ పెట్టి చూడండి, రౌటర్‌లో పక్క పోర్ట్‌కి మార్చి చూడండి, అదే కేబుల్ ఇంకో కంప్యూటర్‌లో పనిచేస్తుందో లేదో కూడా చూడండి. క్లిప్ విరిగిన కేబుల్ సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది కానీ లోపల పిన్నులు తగలవు. నెట్ వస్తోంది కానీ స్పీడ్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయిందంటే ఎక్కువగా కేబుల్‌దే తప్పు, ఎందుకంటే గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) లోపలున్న 8 వైర్లూ బాగుండాలి, 100కి 4 చాలు.

కేబుల్ బాగానే ఉంటే, మిగతా అన్నిటికంటే ముందు నేను చేయమని చెప్పేది, చాలామంది వదిలేసేది ఇదే. పీసీని షట్‌డౌన్ చేసినా ఎస్‌ఎంపీఎస్ (పీసీకి పవర్ ఇచ్చే పెట్టె) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై పవర్ బోర్డుకి వస్తూనే ఉంటుంది, వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా పీసీని ఆన్ చేసే సదుపాయం) కోసం ల్యాన్ చిప్ దాని మీదే మేలుకుని ఉంటుంది. అందుకే చిప్ ఒకసారి బిగుసుకుపోతే ఎన్నిసార్లు రీస్టార్ట్ కొట్టినా అలాగే ఉండిపోవచ్చు. షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్ పీకేసి, ల్యాన్ కేబుల్ కూడా తీసేసి, పవర్ బటన్‌ని ఒక 20 సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్‌తో పాటు బ్యాటరీ కూడా తీయాలి, ఊడే బ్యాటరీ అయితేనే. డెడ్ అనుకున్న పోర్ట్‌లు దీంతో తిరిగి లేస్తుంటాయి, పైసా ఖర్చు లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అప్పటికీ రాకపోతే బయోస్‌లోకి (విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) వెళ్ళి ఆన్‌బోర్డ్ ల్యాన్ ఎనేబుల్‌లోనే ఉందా చూసుకోండి.

తర్వాత విండోస్‌లో డివైజ్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ చూడండి. పేరు పక్కన కిందికి బాణం గుర్తుంటే ఎవరో డిసేబుల్ చేశారు, రైట్ క్లిక్ కొట్టి ఎనేబుల్ చేస్తే సరి. పసుపు గుర్తుతో కోడ్ 10 వస్తే డివైజ్ స్టార్ట్ కాలేదని, కోడ్ 43 అయితే డివైజ్ ఏదో ఎర్రర్ చెప్పడంతో విండోసే దాన్ని ఆపేసిందని. అసలు పేరే లేకపోతే వ్యూ మెనూలో షో హిడెన్ డివైజెస్ నొక్కండి, మసకగా కనిపించిందంటే విండోస్‌కి పాత గుర్తు ఉంది కానీ ఇప్పుడు చిప్ దానికి దొరకట్లేదు.

అప్‌డేట్ తర్వాతే ఆగిపోయి ఉంటే డ్రైవర్‌ని రోల్ బ్యాక్ చేయండి, అంటే పాత వెర్షన్‌కి తిప్పండి. లేదంటే మదర్‌బోర్డ్ మోడల్ చూసుకుని, తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే డ్రైవర్ దించుకోండి, నెట్ లేదుగా అంటే ఫోన్‌ని యూఎస్‌బీ టెదరింగ్‌లో (కేబుల్‌తో ఫోన్ నెట్‌ని పీసీకి ఇవ్వడం) పెడితే చాలు. ఫైల్ చేతిలోకి వచ్చాకే పాతది అన్‌ఇన్‌స్టాల్ చేయండి, ముందే తీసేయకండి.

మధ్యమధ్యలో డ్రాప్ అవుతూ మళ్ళీ వస్తుంటే డివైజ్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో పవర్ ఆదా కోసం ఈ డివైజ్‌ని ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి, అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ (పవర్ ఆదా సెట్టింగ్) ఆఫ్ చేసి చూడండి. లింక్ ఉంది, ఐపీ (నెట్‌వర్క్‌లో పీసీకి ఉండే అడ్రస్) మాత్రం 169.254తో మొదలవుతోందంటే రౌటర్ నుంచి అడ్రస్ రావట్లేదు, రౌటర్ రీస్టార్ట్ చేసి, అప్పటికీ కాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ కొట్టండి. దాని తర్వాత వీపీఎన్ ఉంటే మళ్ళీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.

ఇవన్నీ అయినా తేలకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఆప్షన్‌తో బూట్ చేయండి. అక్కడ ల్యాన్ పనిచేస్తే తప్పు విండోస్‌ది, చిప్ బాగానే ఉంది. బయోస్‌లో ఎనేబుల్ ఉండి కూడా ఉబుంటులోని పీసీఐ డివైజ్‌ల లిస్ట్‌లో (టెర్మినల్‌లో lspci కొడితే వస్తుంది) ల్యాన్ చిప్ పేరే రాకపోతే, చిప్ పోయిందనే అనుకోవాలి.

అయినా బోర్డు మార్చక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉంటే పీసీఐఈ ల్యాన్ కార్డ్ వేసుకోండి, ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ తీసుకోండి, కాకపోతే యూఎస్‌బీ 3దే తీసుకోండి, యూఎస్‌బీ 2 మొత్తం లిమిటే 480 ఎంబీపీఎస్ కాబట్టి గిగాబిట్ అందదు. పాత చిప్‌ని బయోస్‌లో డిసేబుల్ చేసేయండి. ఇకపై ఉరుములు మెరుపులు మొదలైతే పవర్ ప్లగ్‌తో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకేయండి, సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజ్) ఆ వైరు గుండా కూడా వచ్చి పోర్ట్‌ని కాల్చేస్తుంది, ల్యాన్ కేబుల్ నేరుగా బోర్డుకే వెళ్తుంది కాబట్టి దాన్ని పవర్ వైపున్న యూపీఎస్ ఆపలేదు.