చిట్టెలుకనీ మంచినీటి ఆల్చిప్పనీ పక్కపక్కన పెట్టి చూడటం

విశాఖలో ఆల్చిప్ప అనగానే పిల్లలు ఆర్కే బీచ్‌కి పరిగెడతారు. అక్కడ దొరికేవి సముద్రపువి, ఈ పనికి చెల్లవు. చెరువు బురదలోది కావాలి.

గాజు తొట్టెలో మూడంగుళాల ఇసుక పరిచి చెరువు నీళ్లే పోయండి. కుళాయి నీళ్లైతే అందులో క్లోరిన్ వల్ల చిప్ప బిగుసుకుంటుంది. కదపకుండా వదిలేస్తే కాసేపటికి చిప్ప కాస్త విచ్చుకుని, వెనకవైపు రెండు రంధ్రాలు కనిపిస్తాయి. చిటికెడు ఈస్టును నీళ్లలో కలిపి, తినే రంగు ఒక చుక్క వేసి, ఫిల్లర్‌తో కింది రంధ్రం దగ్గర మెల్లగా వదలండి. లోపలికి లాక్కుంటుంది, పైదాన్నుంచి నీళ్లు బయటికొస్తాయి. ఊపిరీ మేతా రెండూ లోపలున్న మొప్పల మీదే! తాకినా మూసుకోకపోతే చచ్చినట్టే, వెంటనే తీసేయండి, లేదంటే నీళ్లు కుళ్లుతాయి.

చిట్టెలుకను పట్టుకోవద్దు, కాలేజీ ల్యాబ్‌లోని పుర్రె చాలు. పళ్లు 16. ముందరి కొరుకుడు పళ్లు జీవితాంతం పెరుగుతాయి, కోరపళ్లు లేక ఆ చోటు ఖాళీ. ఆల్చిప్పకు పళ్లే కాదు, తలే లేదు.

గుండె గదులు ఎలుకకు నాలుగు, ఆల్చిప్పకు మూడు. ఆల్చిప్ప వయసు కోసం చిప్ప మీది గీతల్ని ఏడాదికొకటిగా లెక్కేయకండి. మేత తగ్గినా గీత పడుతుంది.