కోనసీమ నుంచి సో మొరిరి సరస్సుకి

అమలాపురం దాదాపు సముద్రమట్టం. లడఖ్‌లోని లేహ్ 3,500 మీటర్లు. అక్కడి సో మొరిరి సరస్సు 4,500 పైనే. చాలామందికి ప్రయాణం చెడేది ఈ తేడాను తేలిగ్గా తీసుకోవడం వల్లే.

ఢిల్లీ నుంచి విమానంలో లేహ్ చేరితే మొదటి రెండు రోజులు గదిలోనే ఉండండి. మెట్లు ఎక్కొద్దు, మద్యం ముట్టొద్దు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టరును అడిగే వాడాలి. మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, బయల్దేరే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. మూడు, నాలుగు రాత్రులు లేహ్‌లో, తర్వాత ఒక రాత్రి దారిలోని చుమాథాంగ్‌లో పడుకుని సరస్సు ఒడ్డునున్న కోర్జోక్ ఊరికి వెళ్లండి. తలనొప్పితో వాంతులుంటే ఇంకా పైకి వెళ్లొద్దు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా కిందికి దిగాల్సిందే.

మన ప్రాంతంలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. సరస్సు వైపు వెళ్లడానికి తీసుకునే అనుమతి పత్రం నకళ్లు నాలుగైదు ఉంచుకోండి.

సో మొరిరి దగ్గర నీళ్లు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. ఆవకాయ మాత్రం పట్టుకెళ్లండి, ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది.

నల్లమెడ కొంగలు వేసవిలో చిత్తడి నేలల్లో గూళ్లు కడతాయి. రోడ్డు మీద నుంచే బైనాక్యులర్స్‌తో చూడండి. మిగిలిన తిండి పారేస్తే ఊరకుక్కలు పెరుగుతాయి, అవే కొంగ పిల్లల్ని తింటాయి. కియాంగ్ అనే అడవి గాడిదల వెంట బండి తోలొద్దు. మణి గోడలు (మంత్రాలు చెక్కిన రాళ్ల గోడలు), ఛోర్టెన్‌లు (బౌద్ధ స్తూపాలు) మీ కుడిచేతి వైపు ఉండేలా నడవండి.