డీఎస్ఎల్ లైనుకు తగిన ప్రొఫైల్‌ను అమర్చే విధానం

వినియోగదారు తీసుకున్న డీఎస్ఎల్ (ఫోను రాగి తీగ మీద వచ్చే ఇంటర్నెట్) ప్లాను సెకనుకు 8 మెగాబిట్లదైతే, డీస్లామ్‌లో (ఆ లైన్లన్నీ కలిసే ఎక్స్ఛేంజి పరికరంలో) ఆ పోర్టుకు 8 మెగాబిట్ల ప్రొఫైల్‌ను (వేగం, మార్జిన్ వంటి అమరికల కట్టను) తగిలించి పని ముగిసిందనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. కానీ లైను నిలబడుతుందా, గంటకోసారి తెగిపోతుందా అన్నది ప్లానును బట్టి తేలదు. ఎండీఎఫ్ (ఎక్స్ఛేంజిలో తీగలన్నీ కలిసే చట్రం) నుంచి పిల్లర్ (వీధిలోని కేబుల్ పెట్టె), డీపీ (ఇళ్ల దగ్గరి పంపిణీ పెట్టె) మీదుగా ఇంటికి చేరే రాగి జత ఎలా ఉందన్నదే దాన్ని తేలుస్తుంది. అందుచేత ప్రొఫైల్‌ను ఆ జతకు కొలిచి కుట్టాలి. ఇక్కడ డీఎస్ఎల్ రకాలలో ఏడీఎస్ఎల్2ప్లస్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మరో రకమైన వీడీఎస్ఎల్2లో 8ఏ, 17ఏ, 30ఏ వంటి పేర్లను కూడా ప్రొఫైళ్లనే అంటారు గాని, అవి పౌనఃపున్యాల పరిధిని, పంపే శక్తిని నిర్ణయించేవి. ఇక్కడ చెబుతున్న లైన్ ప్రొఫైల్ వేరు.

మొదట కొలతలు రాసుకోవాలి. పోర్టు సింక్‌లో (మోడెమ్‌తో కలిసి) ఉండగా డీస్లామ్ చూపే అటెన్యుయేషన్ (తీగలో సంకేతం బలహీనపడడం), ఎస్ఎన్ఆర్ మార్జిన్ (నాయిస్‌ను తట్టుకోవడానికి మిగిలిన వెసులుబాటు), సాధ్యమైన గరిష్ఠ వేగం, 15 నిమిషాలకొకసారి నమోదయ్యే సీఆర్సీ దోషాలు (చెడిపోయి చేరిన డేటా లెక్క), రీట్రెయిన్ల (లైను తెగి మళ్లీ సింక్ అవడాల) సంఖ్య, ఇవన్నీ కనీసం ఒక పగలు, ఒక రాత్రి గమనించాలి. కిలోమీటరుకు సుమారు 13.8 డెసిబెల్స్ అటెన్యుయేషన్ అని స్థూలంగా లెక్క వేస్తారు కాబట్టి, 41 డెసిబెల్స్ చూపే లైను దాదాపు మూడు కిలోమీటర్ల పొడవుందనుకోవచ్చు. కేబుల్ రికార్డులో అదే లైను ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే అని ఉంటే, లోపం తడిసిన జాయింటులోనో తుప్పు పట్టిన డ్రాప్ వైరులోనో (డీపీ నుంచి ఇంటికి వచ్చే తీగలోనో) వెతకాలి. అది లైన్‌మన్ వెళ్లి సరిచేయవలసిన పని. ఏ ప్రొఫైలూ దాన్ని తీర్చలేదు.

రాత్రి కొలత ఎందుకు తప్పనిసరో చెప్పాలి. ఏడీఎస్ఎల్2ప్లస్ 2.208 మెగాహెర్ట్జ్ వరకు వాడుకుంటుంది. మీడియం వేవ్ రేడియో ప్రసారాలు కూడా ఆ పరిధిలోనే ఉంటాయి. ఆ పరిధిని టోన్లనే సన్నని పట్టీలుగా విడగొడతారు. ఒక్కొక్క టోన్ వెడల్పు 4.3125 కిలోహెర్ట్జ్ కనుక, హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ ప్రసారం 171వ టోన్ దగ్గర, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ ప్రసారం 194వ టోన్ దగ్గర పడతాయి. స్తంభం మీదుగా వేలాడే డ్రాప్ వైరు ఏరియల్‌లా పనిచేసి ఈ తరంగాలను లోపలికి తెస్తుంది. పైగా పొద్దు గూకాక దూరపు స్టేషన్ల తరంగాలు కూడా బలంగా వచ్చి చేరతాయి. అందువల్ల మధ్యాహ్నం సింక్ అయినప్పుడు 6 డెసిబెల్స్ ఉన్న మార్జిన్ రాత్రికి మూడుకో రెండుకో జారవచ్చు.

ఇక డీస్లామ్‌లో పని. ఇప్పటికే వాడుకలో ఉన్న ప్రొఫైల్‌ను ఎన్నడూ సవరించకూడదు. దానికి ముడిపడిన లైన్లన్నిటికీ ఆ మార్పు వర్తిస్తుంది. కొన్ని పరికరాలలో అవన్నీ ఒకేసారి తెగి మళ్లీ సింక్ అవుతాయి. దగ్గరగా ఉన్న ప్రొఫైల్‌ను నకలు చేసి, మార్జిన్, ఐఎన్‌పీ (క్షణికమైన నాయిస్ నుంచి రక్షణ), జాప్యం తెలిసేలా కొత్త పేరు పెట్టి, ఆ నకలునే మార్చాలి.

అన్నిటికన్నా ముందు టార్గెట్ మార్జిన్‌ను (సింక్ అయ్యేటప్పుడు మిగల్చవలసిన మార్జిన్‌ను) తేల్చుకోవాలి. సాధారణంగా వాడేది 6 డెసిబెల్స్. రాత్రిపూట తెగే లైనుకు దీన్ని 9కి పెంచితే ఎంత వేగం పోతుందో ముందే లెక్క వేయవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఒక్కో టోన్ మీద ఒక బిట్ తగ్గుతుంది, సెకనుకు 4,000 సింబళ్లు (ఒక్కో విడతలో వెళ్లే సంకేతాలు) వెళతాయి. కాబట్టి 400 టోన్లు బిట్లు మోస్తున్న లైనులో నష్టం సుమారు 1.6 మెగాబిట్లు. రోజుకు పదిసార్లు తెగే లైనుకు ఇది చెల్లించదగిన ధర అని నా అభిప్రాయం. కనిష్ఠ మార్జిన్‌ను సున్నా దగ్గరే ఉంచాలి. దాన్ని పెంచితే కొంచెం నాయిస్ వచ్చినా లైను తెగుతుంది. బిట్ స్వాప్ (నాయిస్ పడిన టోన్ల బిట్లను మంచి టోన్లకు మార్చడం) తప్పక ఆన్‌లో ఉండాలి. మోడెమ్ కూడా అనుమతిస్తే ఎస్ఆర్ఏ (వేగాన్ని తనంతట తాను సర్దుకునే పద్ధతి) పెట్టవచ్చు. అప్పుడు లైను తెగకుండానే వేగం తగ్గి, పెరుగుతుంది.

గరిష్ఠ వేగాన్ని ప్లానును బట్టి ఇవ్వవచ్చు, కనిష్ఠ వేగాన్ని మాత్రం చాలా తక్కువగా ఉంచాలి. ప్లాను వేగాన్నే కనిష్ఠంగా పెడితే, వానాకాలంలో జాయింటు తడిసిన రోజున లైను నెమ్మదిగానైనా రావలసింది అసలే రాకుండా పోతుంది.

మార్జిన్ బాగానే ఉండి సీఆర్సీ దోషాలు గుంపులు గుంపులుగా వస్తుంటే, కారణం మోటారు స్టార్టరు, నాసిరకం అడాప్టరు వంటివి పుట్టించే క్షణికమైన నాయిస్. దీనికి మార్జిన్ పెంచడం మందు కాదు. ఇంటర్లీవింగ్ (డేటాను చెదరగొట్టి పంపి, దెబ్బను పలుచన చేయడం), ఐఎన్‌పీ కావాలి. ఐఎన్‌పీ 2 అంటే రెండు సింబళ్లు, అంటే 500 మైక్రోసెకన్ల దెబ్బను తట్టుకోవడం. దీనికి 8 మిల్లీసెకన్ల జాప్యాన్ని అనుమతిస్తే దిద్దుబాటు సమాచారానికి దాదాపు ఎనిమిదో వంతు ఖర్చవుతుంది. 4 మిల్లీసెకన్లే ఇస్తే నాలుగో వంతు దాకా పోతుంది. ఐఎన్‌పీ పెంచి జాప్యం మాత్రం పెంచకపోతే వేగం ఎందుకు పడిపోతుందో ఈ లెక్కే చెబుతుంది. 2 దగ్గర మొదలుపెట్టి, దోషాలు ఆగకపోతేనే 4కు వెళ్లాలి.

ప్రొఫైల్ సిద్ధమయ్యాక పోర్టును డీయాక్టివేట్ చేసి, కొత్త ప్రొఫైల్‌ను జతచేసి యాక్టివేట్ చేయాలి. ఆ సమయంలో కనెక్షన్ ఒకటి రెండు నిమిషాలు ఆగుతుందని వినియోగదారుకు ముందే చెప్పాలి. ఒక్కసారికి ఒక్క విలువనే మార్చి, డీస్లామ్‌లోని దోషాల లెక్కలను సున్నా చేసి, 24 గంటల తర్వాత పాత కొలతలతో పోల్చాలి. మార్జిన్, ఐఎన్‌పీ రెండింటినీ ఒకేసారి మారిస్తే, లైను బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, పక్క లైనుకు ఆ అనుభవం పనికిరాదు. మూడు రాత్రులు రీట్రెయిన్ లేకుండా గడిస్తే ప్రొఫైల్ పేరును, తేదీని ఆ జత నంబరు ఎదురుగా కేబుల్ రికార్డులో నమోదు చేయాలి.