చిన్న వయసులో పోయినవారిని తలచుకోవడం ఎలా

మా తమ్ముడు 22 ఏళ్ళకే పోయాడు. ఆరేళ్ళయింది. మొదటి ఏడాదంతా ఇంట్లో వాడి పేరు ఎవరమూ ఎత్తలేదు. ఎత్తితే అమ్మ ఏడుస్తుందని నేను, నేను ఏడుస్తానని అమ్మ. దాంతో దుఃఖం తగ్గలేదు సరికదా, వాడు మాకు మరింత దూరమయ్యాడు. మీ ఇంట్లోనూ అలాంటి మౌనమే ఉంటే, నేను ఆలస్యంగా నేర్చుకున్నవి మీకు ముందే అందాలని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు పోయినవారి గొంతును దాచుకోండి, ఎందుకంటే దానికి గడువుంది. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగిస్తారు. గూగుల్ ఖాతా రెండేళ్ళు తెరవకుండా ఉంటే ఫోటోలతో సహా పోయే అవకాశం ఉంది. ఫోను పనిచేస్తుండగానే వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. నా దగ్గర మిగిలింది 11 సెకన్లు. "అక్కా, గొళ్ళెం పెట్టకు, దారిలో ఉన్నాను." 'అక్కా' అనే ముందు చిన్న దగ్గు. ఎన్ని ఫోటోలు తిరగేసినా ఆ దగ్గు దొరకదు.

తర్వాత రాయండి. మనసులోని గాయం గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు విద్యార్థుల చేత రాయించి, మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. జరిగినదాన్నీ, దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవారికి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ ఆ తర్వాతి నెలల్లో వాళ్ళు వైద్యం కోసం వెళ్ళడం తగ్గింది. నేనూ అదే కొలత పెట్టుకున్నాను. మొదటి రోజు "మంచివాడు, అందరికీ సాయం చేసేవాడు" అని రాసి చదువుకుంటే అందులో మా వాడు కనిపించలేదు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. రెండో రోజు వాడి అలక గురించి రాశాను. కోపం వస్తే రెండు రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. మూడో రోజు తెల్లవారేసరికి నా చెప్పులు తుడిచి, గుమ్మం దగ్గర జతగా పెట్టి ఉండేవి. నోటితో క్షమించమని అడగడం వాడికి చేతకాదు. అది రాస్తున్నప్పుడు ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది. పోయినవారి లోపాలు కూడా రాయండి. ఆ లోపాలతో సహా కదా వాళ్ళను ప్రేమించాం.

కృతజ్ఞత గురించి జాగ్రత్తగా చెప్పాలి. "అన్నాళ్ళయినా ఉన్నాడు కదా, సంతోషించు" అన్నవారి మీద నాకు ఇప్పటికీ కోపమే. చావుకు కృతజ్ఞతలు చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. మనుషులకు చెప్పండి. ఆస్పత్రిలో మూడు రాత్రులు కుర్చీలోనే కూర్చున్న వాడి స్నేహితుడికి రెండేళ్ళ తర్వాత ఉత్తరం రాశాను. అతను నాలుగు పేజీల జవాబు పంపాడు. నీళ్ళంటే భయపడే తనకు మా తమ్ముడు ఒక వేసవంతా ఈత నేర్పాడట. నాకు తెలియనే తెలియదు. ఇక వాడి గురించి కొత్తగా ఏమీ వినబోనని అనుకున్న నాకు, ఆ వేసవి మొత్తం దొరికింది.

దేవుడితో నేను చాలాకాలం మాట్లాడలేదు. మళ్ళీ మొదలుపెట్టింది తిట్టడంతోనే. దుఃఖానికి అయిదు దశలుంటాయని, కోపం దాటిపోతుందని కొందరు ఓదార్చారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను చెప్పింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. మీ కోపం ఆ వరుసలో రాకపోతే కంగారుపడకండి. ఇప్పుడు నా ప్రార్థనలో వాడి పేరు, ఆ రోజు జరిగిన ఒక సంగతి, అంతే ఉంటాయి. ఎందుకు తీసుకెళ్ళావన్న ప్రశ్నకు జవాబు రాలేదు. అయినా వాడి పేరు వింటున్నవారు ఉన్నారని నమ్ముతున్నాను.

ఒక హెచ్చరిక. ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు సాగనంతగా దుఃఖం పట్టి ఉంచితే, దాన్ని చికిత్స అందించాల్సిన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి.

చివరగా, రాసుకున్నది ఇంట్లో ఒక్కరికైనా చదివి వినిపించండి. చెప్పుల సంగతి అమ్మకు చదివి వినిపించినప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఆ మధ్య ఒక చిన్న విషయం మీద ఇద్దరం గొడవపడ్డాం. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి, నా చెప్పులు తుడిచి, గుమ్మం దగ్గర జతగా పెట్టి ఉన్నాయి.