స్కేల్ మోడల్ కట్టేటప్పుడు విసిగించే పనులు: ఎందుకు జరుగుతాయి, ఎలా ఆపాలి

ప్లాస్టిక్ కిట్‌లోని ముక్కలు అతికించి విమానమో ట్యాంకో కడుతుంటే ట్వీజర్స్ కొసల్లోంచి ముక్క టిక్‌మని ఎగిరిపోయిందా? కుర్చీ వెనక్కి జరపకండి, కాళ్ళు కదపకండి. ముందు ఒళ్ళో, చొక్కా మడతల్లో, మోచేతుల కింద చూడండి. చాలాసార్లు అక్కడే ఉంటుంది. లేకపోతే గదిలో లైటు ఆర్పేసి, టార్చ్ లైటును నేలకి ఆనించి అడ్డంగా వెలుగు వేయండి. 1 మి.మీ. ముక్కకైనా పొడుగాటి నీడ పడుతుంది, ముక్క కనబడకపోయినా ఆ నీడ కనబడుతుంది. చీపురు మాత్రం ముట్టుకోవద్దు. ముక్క దుమ్ములో కలిసి బీరువా కిందకి పోతుంది. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతికి పాత నైలాన్ మేజోడు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించి తిప్పండి. దుమ్ము లోపలికి పోయి ముక్క మేజోడు దగ్గర ఆగిపోతుంది.

ఎగరడానికి కారణం గట్టిగా నొక్కడమే. నొక్కేకొద్దీ ట్వీజర్స్ మధ్యలో వంగి, కొసలు విచ్చుకుంటాయి. ముక్క గుండ్రటిదైతే తడి సబ్బులా జారిపోతుంది. కింద పడకుండా ఉండేంత పట్టు చాలు. మరీ చిన్నవాటికి ట్వీజర్సే వద్దు, టూత్‌పిక్ కొసకి చిటికెడు మైనం అద్ది దాంతో ఎత్తండి. స్ప్రూ (కిట్‌లో ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కత్తిరించేటప్పుడు చేతుల్ని, స్ప్రూని ఒక పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి కత్తిరిస్తే ముక్క ఎటూ పోదు. ఇత్తడి రేకు ముక్కలైతే కింద మాస్కింగ్ టేపు అంటించి, గాజు పలక లాంటి గట్టి దాని మీద పెట్టి, వేలితో అదిమి కోయండి. మెత్తటి మ్యాట్ మీద కోస్తే రేకు వంగుతుంది.

ఎంత వెతికినా దొరకని ముక్కలు కొన్ని ఉంటాయి. అది గొట్టమో, కడ్డీయో, యాంటెన్నానో అయితే స్ప్రూతోనే చేసుకోవచ్చు. స్ప్రూ ముక్కని కొవ్వొత్తి మంటకి రెండు మూడు సెంటీమీటర్ల పైన తిప్పుతూ ఉంచండి. మెరుపు వచ్చి మధ్యలో జారడం మొదలవగానే మంట నుంచి పక్కకి తీసి లాగండి. వేగంగా లాగితే వెంట్రుకంత సన్నగా వస్తుంది, నెమ్మదిగా లాగితే లావుగా వస్తుంది. మంట మీదే లాగితే తెగిపోతుంది.

ఈ పనిలో దాదాపు ప్రతి చిరాకూ ఇలాంటిదే. తప్పు ఒకచోట బయటపడుతుంది, దాని మొదలు అంతకు రెండు మెట్ల ముందు ఉంటుంది. అందుకే ఒక్కో దశలో ముందు చేయాల్సిన పని ఏమిటో చూద్దాం.

కోత దగ్గర మొదలుపెడదాం. నిప్పర్‌ని (ముక్కల్ని తెంపే చిన్న కట్టర్‌ని) ముక్కకి ఆనించి ఒకేసారి కత్తిరిస్తే ప్లాస్టిక్ నలిగి తెల్ల మచ్చ పడుతుంది, ఒక్కోసారి ముక్కలోంచే గుంట లేచిపోతుంది. మొదటి కోత 2, 3 మి.మీ. దూరంలో వేయండి. రెండో కోతకి నిప్పర్ చదునైన వైపు ముక్క వైపు పెట్టి, అర మిల్లీమీటరు మిగిల్చి తీయండి. ఆ మిగిలింది 400, 600, 1000 నంబర్ల సాండ్ పేపర్లతో వరసగా పోతుంది. పారదర్శకమైన ముక్కలకి నిప్పర్ వాడొద్దు, ఆ ప్లాస్టిక్ పెళుసు, పగుళ్ళు లోపలికి పాకుతాయి. సన్నటి రంపంతో తీయండి.

దేనికైనా ముందు స్ప్రూలన్నీ గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడిరావడానికి వాడిన జిడ్డు మిగిలి ఉంటే దాని మీద రంగు నిలవదు. వేడినీళ్ళు పోస్తే రెక్కలు వంకరపోతాయి.

జిగురు విషయంలో తొందర పనికిరాదు. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి సిమెంట్ (ప్లాస్టిక్ జిగురు) ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది, సందు కనబడితే చాలు దానంతట అదే పాకుతుంది. ఆ సందు మీద మీ వేలు ఉంటే వేలి కిందకీ పాకి, ప్లాస్టిక్ మీద మీ వేలిముద్ర శాశ్వతంగా పడుతుంది. టేపు కింద కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి వేళ్ళు, టేపు అతుకుకి దూరంగా ఉంచి, వాటి మధ్య ఖాళీల్లో మాత్రమే బ్రష్ తాకించండి. ఆరాక టేపు తీసి మిగిలినచోట వేయండి. వేలిముద్ర పడ్డాక తుడవకండి, తుడిస్తే కరిగిన ప్లాస్టిక్ ఇంకా చెదిరిపోతుంది. ఒకరోజు గట్టిపడనిచ్చి సాండ్ పేపర్‌తో తీయండి. ఇంకొక సంగతి, ఈ సిమెంట్‌కి ప్లాస్టిక్ తగలాలి, రంగు తగిలితే చాలదు. ముందే రంగేసిన భాగాలైతే అతికే అంచుల మీద రంగు గీరేయండి.

విమానం రెండు సగాలూ అతికించేముందు ఆగి, సూచనల కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవండి. రెండు చోట్ల అందరూ దెబ్బతింటారు. మొదటిది, రెక్కల కింద బాంబులూ ట్యాంకులూ తగిలించే రంధ్రాలు. వాటిని లోపలి నుంచే పొడవాలి, బొమ్మలో చిన్న గుర్తుగా మాత్రమే చూపిస్తారు. రెండోది ముక్కు బరువు. ముందు చక్రం ఉన్న విమానాలు చాలావరకు లోపల బరువు పెట్టకపోతే తోక మీద కూలబడతాయి. అన్నీ టేపుతో తాత్కాలికంగా కలిపి, ప్రధాన చక్రాలు వచ్చే గీత దగ్గర కింద గుండ్రటి పెన్సిల్ పెట్టి చూడండి. తోక వాలుతుంటే ముక్కు వాలేదాకా బరువు పెంచండి, తర్వాత ఇంకాస్త కలపండి, ఎందుకంటే తోక వైపు రంగు, చిన్న భాగాలు ఇంకా చేరతాయి. స్టీలు నట్లు లేదా బాల్ బేరింగులు ఎపాక్సీతో అతికించడం మంచిది. సీసం గుండ్లు తెల్ల జిగురుతో పెడితే కొన్నేళ్ళకి సీసం తుప్పు పట్టి ఉబ్బి, మోడల్ పొట్టనే చీల్చుతుంది.

అతుకు గీత చిన్నదే కదా అని వదిలేయొద్దు. 1/72 స్కేల్లో, అంటే అసలుకి 72వ వంతు ఉన్న మోడల్ మీద, 0.2 మి.మీ. గీత అంటే అసలు విమానం మీద 14 మి.మీ. పైగా ఉన్న పగులు. లప్పం పెట్టి అదేరోజు గీకితే మర్నాటికి కుంగి, మళ్ళీ గీత తేలుతుంది. పల్చగా రెండుసార్లు పెట్టి, ఒక్కోసారి రాత్రంతా ఆరనివ్వండి. సూపర్ గ్లూతో నింపితే లెక్క తిరగబడుతుంది. అది రోజులు గడిచేకొద్దీ ప్లాస్టిక్‌ని మించి గట్టిపడుతుంది, ఆలస్యం చేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి అది మాత్రం గట్టులా నిలబడుతుంది. గంటలోపే గీకేయండి. ప్రైమర్ (రంగుకి ముందు వేసే తొలి పూత) వేశాకే నిజమైన గీతలు కనబడతాయి కాబట్టి ఆ పూతని ఒక పరీక్షలా వాడుకోండి.

ఎయిర్ బ్రష్‌లో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) రంగు పాలంత పల్చగా ఉండాలి. 0.3 మి.మీ. నాజిల్‌కి 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు. ఆరాక చేతికి గరుగ్గా తగిలితే రంగు గాల్లోనే ఎండిపోయిందని అర్థం. దగ్గరికి జరగండి, థిన్నర్ కాస్త పెంచండి. సాలెపురుగు కాళ్ళలా చీలుతుంటే పల్చదనమో గాలి ఒత్తిడో ఎక్కువైంది. టామియా అక్రిలిక్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చక్కగా కలుస్తుంది. అదే ఆల్కహాల్ వాలెహో కంపెనీ మోడల్ కలర్‌ రంగులో పోస్తే రంగు విరిగిన పాలలా ముద్దకట్టి నాజిల్ మూసుకుపోతుంది. దేని థిన్నర్ దానికే వాడండి.

ఇక డెకాల్స్, అంటే నీళ్ళలో తడిపి మోడల్ మీదకి జార్చే గుర్తులు, అంకెల పల్చటి బొమ్మలు. ఇక్కడ ఓపిక పట్టినవాళ్ళకి మోడల్ నిజంగా ప్రాణం పోసుకుంటుంది. ఆరాక డెకాల్ చుట్టూ ఉన్న ఫిల్మ్ వెండిలా మెరవడమే పెద్ద బాధ. దోషం డెకాల్‌ది కాదు. మ్యాట్ (మెరుపులేని) రంగు కంటికి కనబడనంత గరుగ్గా ఉంటుంది, ఫిల్మ్ ఆ గరుకు మొనల మీద పరుచుకుని కింద గాలి మిగులుతుంది, ఆ గాలే మెరుస్తుంది. అందుకని ముందు గ్లాసీ (నున్నగా మెరిసే) వార్నిష్ వేసి ఒకరోజు ఆరనివ్వండి. డెకాల్‌ని గోరువెచ్చటి నీళ్ళలో పది పదిహేను సెకన్లు ముంచి, తీసి తడి టిష్యూ మీద పెట్టండి. నిమిషానికి వేలితో తాకితే జరుగుతుంది. మోడల్ మీద మైక్రో సెట్ (డెకాల్ అంటుకోవడానికి ముందు రాసే ద్రవం) తడి చేసి, దాని మీదకి కాగితం నుంచి జార్చండి, ఎత్తి పెట్టకండి. తడి బ్రష్‌తో సరిచేసి, కాటన్ బడ్‌తో మధ్య నుంచి అంచులకి అద్దండి. తర్వాత పైన మైక్రో సోల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) రాయండి. కాసేపటికి డెకాల్ ముడతలు పడి పాడైపోయినట్టు కనబడుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే చేయి ఆగాలి. ఫిల్మ్ మెత్తబడి ప్యానెల్ గీతల్లోకి (విమానం పైరేకుల అతుకులు చూపే సన్నటి గాడుల్లోకి) దిగుతోంది, ఆరేసరికి దానంతట అదే సాపు అవుతుంది. వేలు పెడితే చిరుగుతుంది. అప్పటికే వెండి మెరుపు వచ్చి ఉంటే సన్నటి సూదితో ఆ మచ్చ మీద పొడిచి, మళ్ళీ సోల్ తాకించండి. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు.

పాత కిట్ అయితే అక్కర్లేని ఒక డెకాల్‌ని ముందు నీళ్ళలో వేసి చూడండి. ముక్కలైతే షీటంతా లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ పూసి ఆరబెట్టాలి. ఆ తర్వాత ఒక్కోదాన్నీ అంచు వెంబడి కత్తిరించాలి, ఎందుకంటే ఇప్పుడు షీటంతా ఒకే ఫిల్మ్.

ట్యాంకు కట్టేవాళ్ళకి ఒక జాగ్రత్త. మెత్తటి వినైల్ ట్రాకులు, టైర్లు కొన్ని కాలం గడిచాక తాకిన ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. చక్రాలకి రంగు, వార్నిష్ పూర్తిగా ఆరాకే తొడగండి. కట్టని కిట్‌లో కూడా వాటిని వేరే కవర్లో పెట్టండి.

కాక్‌పిట్ అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించొద్దు, దాని ఆవిరికి లోపల తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. తెల్ల జిగురు చాలు, ఎండాక కనబడదు. అద్దం మీద టేపు వేశాక మొదట పల్చగా క్లియర్ వార్నిష్ వేస్తే టేపు అంచు మూసుకుంటుంది, పైన వేసిన రంగు కిందకి పాకదు. తీసేటప్పుడు టేపుని పైకి లాగకుండా దాని మీదకే మడుస్తూ నెమ్మదిగా తీయండి. అంచున ఎక్కడైనా రంగు పళ్ళు పళ్ళుగా మిగిలితే టూత్‌పిక్ కొసని ఉలిలా చెక్కి, కాస్త తడిపి, ఫ్రేమ్ వెంబడి గీరండి. మెత్తటి కర్ర కాబట్టి రంగు ఊడుతుంది, అద్దం మీద గీత పడదు.