టైమింగ్ చైన్ విప్పే ముందు

బండి స్టార్ట్ కావడం లేదని నేరుగా టైమింగ్ చైన్ (పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌నీ కలిపే గొలుసు) మీద పడకండి. ముందు బ్యాటరీ చూడండి: కొన్ని గంటలు ఆపి ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోతుంటే తప్పు చైన్‌ది కాకపోవచ్చు. ఇంజిన్ మామూలు కంటే తేలిగ్గా, గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే మాత్రం అనుమానించాలి. అప్పుడు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. చాలా ఇంజిన్లలో టైమింగ్ తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

విప్పక తప్పదంటే:

- ఇంజిన్ చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. జాక్ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.
- మాన్యువల్ పక్కనే ఉండాలి. చైన్ పళ్లచక్రాల మీది గుర్తులు, బోల్టుల టార్క్ (ఎంత బలంతో బిగించాలో) ఇంజిన్‌ని బట్టి మారతాయి.
- ఒకటో సిలిండర్‌ని టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థానానికి) తెచ్చి, గుర్తులు కలిశాక ఫోటోలు తీయండి. చైన్ ఊడాక క్రాంక్‌నీ, క్యామ్‌నీ కదపొద్దు.
- చైన్‌ని దారిలో ఉంచే గైడ్లు, బిగువుగా ఉంచే టెన్షనర్ పాతవే ఉంచి చైన్ మాత్రం మార్చడం నా దృష్టిలో సగం పనే.
- చైన్ ఎక్కించి టెన్షనర్‌ని నొక్కి పట్టిన పిన్ లాగాక, స్పార్క్ ప్లగ్గులు తీసి, పానాతో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్యామ్ ఒక చుట్టు తిరిగి గుర్తులు మళ్లీ కలవాలి. మధ్యలో గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టొద్దు.

ఒకసారి అంతా బిగించినా నా బండి అందుకోలేదు. గుండె జారింది. కవరు మళ్లీ విప్పబోతూ చూస్తే, క్రాంక్ సెన్సర్ (క్రాంక్ తిరుగుడును ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) సాకెట్ గాల్లో వేలాడుతోంది!